చక్కెర వ్యాధి - కంటిలోని నాడీకణాలు



మన పెదకూరపాడు చుట్టుపక్కల పెద్దవాళ్ళకు చూపు మసకబారితే "చత్వారం వచ్చింది, అద్దాలు మార్చుకుంటే సరి" అంటాము. షుగర్ ఉన్నవారి విషయంలో ఈ మాట ఎంత ప్రమాదమో పీజీలో రెటీనా పాఠం చదివాకే మాకు అర్థమైంది. ఆ పాఠాన్ని మన హాస్టల్ వారందరితో పంచుకుంటున్నాము.

కంటి లోపల వెనుకవైపు ఉండే పలుచని పొర రెటీనా. పిండ దశలో ఇది మెదడు భాగం నుంచే ఏర్పడుతుంది. అంటే రెటీనా నాడీ కణజాలమే. ఇందులోని దండకణాలు, శంకుకణాలు వెలుతురును గ్రహిస్తాయి. ఆ సంకేతం ద్విధ్రువ కణాల ద్వారా గ్యాంగ్లియన్ కణాలకు చేరుతుంది. ఒక్కో కంటిలో సుమారు 10 లక్షలున్న ఈ గ్యాంగ్లియన్ కణాల తంతువులే దృక్ నాడిగా మెదడుకు వెళతాయి.

కండరాల్లోకి చక్కెర చేరడానికి ఇన్సులిన్ సాయం కావాలి. రెటీనాకు ఆ అవసరం లేదు. అందువల్ల రక్తంలో చక్కెర పెరిగితే రెటీనాలోనూ పెరుగుతుంది. అప్పుడు కణాలలో హానికరమైన ఆక్సీకరణ పదార్థాలు ఎక్కువవుతాయి. నాడీకణాలకు తోడుగా ఉండే ముల్లర్ కణాలు గ్లుటమేట్‌ను సరిగా తొలగించలేవు. మితిమీరిన గ్లుటమేట్ నాడీకణాలకు విషమే. ఇలా దెబ్బతిన్న కణాలు క్రమంగా చనిపోతాయి. అవి తిరిగి పుట్టవు.

చాలాకాలం దీనిని రక్తనాళాల జబ్బుగానే భావించారు. 1998లో అమెరికాలో బార్బర్ బృందం మధుమేహం కలిగించిన ఎలుకల రెటీనాలో నెల రోజులకే నాడీకణాల మరణం పెరిగినట్లు గుర్తించింది. మధుమేహంతో మరణించిన మనుషుల కళ్ళలోనూ అదే కనిపించింది. 2017లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ దీనిని నాడులకు, రక్తనాళాలకు కలిపి వచ్చే సమస్యగా పేర్కొన్నది.

మన తెలుగువారి సంగతి చూద్దాం. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ హైదరాబాద్‌లో జరిపిన అధ్యయనం 1999లో వెలువడింది. తమకు షుగర్ ఉందని చెప్పిన 124 మందిని పరీక్షించగా, 28 మంది రెటీనాలో మధుమేహపు దెబ్బ కనిపించింది.

మొదట్లో నొప్పి ఉండదు. అక్షరాల పట్టిక చక్కగా చదవగలరు. కానీ రంగుల తేడా, మసక వెలుతురులో చూపు కొంత తగ్గవచ్చు. సందెవేళ మిరపకాయల్లో తాలు ఏరడం కష్టమైతే అది వయసు వల్లనే అని సరిపెట్టుకోకూడదు. లేజరు, కంటి ఇంజెక్షన్లు రక్తనాళాల నష్టాన్ని అదుపు చేస్తాయేగాని చనిపోయిన నాడీకణాన్ని తిరిగి తేలేవు. చక్కెర, రక్తపోటు అదుపులో ఉంచుకోవడమే అసలైన రక్షణ.

పెద్ద వయసులో వచ్చే షుగర్ బయటపడిన వెంటనే రెటీనా పరీక్ష చేయించాలి. తరువాత డాక్టరు చెప్పిన ప్రకారం, సాధారణంగా ఏడాదికొకసారి చూపించాలి. అద్దాల షాపులో చేసే పరీక్ష దీనికి చాలదు. చుక్కల మందు వేసి కనుపాపను పెద్దది చేసి చూస్తే కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది. అమ్మనో నాన్ననో ఒంటరిగా పంపితే తిరుగు బస్సు బోర్డు కూడా చదవలేరు. కనుక ఈ సెలవుల్లో ఒక రోజు కేటాయించి మనమే వెంట వెళదాం.