దోమపోటు: మందు కొట్టేముందు దుబ్బు విడదీసి చూడండి

ముసురు వదలడం లేదు. గాలిలో తేమ, మడిలో నిలిచిన నీళ్లు, దాని మీద మోతాదు మించిన యూరియా. వరిలో సుడిదోమకు ఇంతకంటే ఏం కావాలి? సాంబమసూరి వేసినవాళ్లు మరీ కనిపెట్టుకుని ఉండాలి. ‘ఏ మందు కొట్టమంటారు?’ అని ఫోన్లు మాత్రం ఆగకుండా వస్తున్నాయి. దుబ్బు విడదీసి చూశారా అంటే జవాబుండదు.

చూడాల్సింది ఆకుల మీద కాదు, నీటికి కాస్త పైన, మొదళ్ల దగ్గర. గోధుమ రంగులో గుంపుగా ఉండి, తాకితే పక్కకు జరిగేది దోమ. వాటి మధ్యనే ఆకుపచ్చగా, పొడవాటి మీసాలతో చురుగ్గా పరుగెత్తేది మిరిడ్ నల్లి. దాన్ని చూసి ‘పచ్చదోమ కూడా పట్టింది’ అని మందుల దుకాణానికి పోయేవాళ్లు ఊరూరా ఉన్నారు. దోమ గుడ్లను ఆకు తొడిమ లోపల పెడుతుంది. మందు వాటిని సరిగా చంపలేదు. ఈ నల్లి ముక్కు గుచ్చి ఆ గుడ్లను పీల్చేస్తుంది. గూడు అల్లకుండా మొదళ్ల చుట్టూ తిరిగి వేటాడే సాలీడు రోజుకు 5 నుంచి 15 పురుగుల్ని తింటుంది. జారి నీళ్లలో పడ్డ పిల్లదోమల్ని నీటి మీద తిరిగే చిన్న నల్లులు వదలవు.

సింథటిక్ పైరిథ్రాయిడ్ మందు కొడితే ముందు పోయేవి ఇవే. తొడిమలో దాగిన గుడ్లు వారం పది రోజుల్లో పొదుగుతాయి, తినేవాడు ఉండడు. దోమ మునుపటి కంటే ఎక్కువవుతుంది. డీలరు ఈసారి రెండు మందులు కలిపి, పైన ఒక టానిక్ డబ్బా కూడా అంటగడతాడు. ఇది ఏటా చెబుతున్నదే.

ఇంకో సంగతి. నాటిన కొత్తలో మడిలో దోమ ఉండదు, సాలీడు మాత్రం ఉంటుంది. మరి అదేం తిని బతుకుతుంది? కుళ్లిన ఆకు, పేడ తిని పెరిగే, పైరుకు ఏ హానీ చేయని చిన్న చిన్న ఈగల్ని. పురుగు కనిపించకపోయినా యూరియాలో గుళికలు కలిపి చల్లితే ఆ తిండీ పోతుంది, సాలీడూ పోతుంది. గట్ల మీద గడ్డి మందు కొట్టి నున్నగా చేసుకునేవాళ్లు సాలీళ్లకు నీడ కూడా లేకుండా చేస్తున్నారు. గట్టు మీద నాలుగు నువ్వు మొక్కలుంటే దోమ గుడ్లను నాశనం చేసే బుల్లి కందిరీగలకు తేనె దొరుకుతుంది.

ఇండోనేషియా ఈ దోమతోనే అల్లాడి, 1986లో 57 పురుగుమందులను వరి మీద వాడొద్దని నిషేధించింది. ఆపైన మందుల సబ్సిడీ కూడా ఎత్తేసింది. మందుల వాడకం పడిపోయింది, ధాన్యం దిగుబడి పడిపోలేదు.

ఇప్పుడు చేయాల్సింది: మడిలో నీరు తీసి ఆరబెట్టండి, యూరియా ఆపండి. నాటేటప్పుడు కాలిబాటలు తీయకపోతే ఇప్పుడు ప్రతి 2 మీటర్లకు పైరు పాయ తీసి గాలి ఆడనివ్వండి. పిలక దశలో దుబ్బుకు 10–15, వెన్ను దశలో 20–25 దోమలు దాటితేనే మందు. నల్లులు, సాలీళ్లు బాగా కనిపిస్తే రెండు రోజులాగి మళ్లీ లెక్కపెట్టండి. తప్పదనుకుంటే ఎకరాకు పైమెట్రోజిన్ 120 గ్రాములు గానీ, డైనోటెఫ్యూరాన్ 80 గ్రాములు గానీ, రెండిట్లో ఒక్కటే, 200 లీటర్ల నీటిలో కలిపి మొదళ్లు తడిసేలా కొట్టండి. ఆకుల పైపైన కొడితే డబ్బు దండగ.

మిగతా పైర్లకూ ఇదే పద్ధతి. పత్తిలో గులాబీ రంగు పురుగు లింగాకర్షక బుట్టకు రోజుకు 8 రెక్కల పురుగులు వరుసగా మూడు రోజులు పడితేనే మందు గురించి ఆలోచించండి. మిరప నారుమడిలో నల్ల తామర పురుగుకు నీలి రంగు జిగురు అట్టలు పెట్టండి. అక్కడ కూడా పైరిథ్రాయిడ్లు వద్దు.