కరువు తర్వాత నీళ్ల పద్దు

కరువు ఏడు గడిచిందో లేదో, మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లోకి రిగ్గు బండి దిగుతుంది. బత్తాయి తోటను బతికించుకోవాలని ఎండిన బోరు పక్కనే ఇంకో బోరు, పాత అప్పు మీద ఇంకో అప్పు. ఈ పల్లెలకు నీళ్లివ్వాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది 1996లో. ఆ నీళ్లను నమ్ముకుని కూర్చుంటే పొలం ఆగదు. ఉన్న నీళ్లకు పద్దు రాయడం ఒకటుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో 2003 నుంచి ప్రకాశం సహా ఏడు కరువు జిల్లాల్లో ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ (ఆంధ్రప్రదేశ్ రైతు నిర్వహణ భూగర్భజల వ్యవస్థలు) పథకం రైతులకు నేర్పింది ఇదే. ఏ ఊరైనా ఇప్పుడూ చేసుకోవచ్చు.

ముందు హద్దు గీసుకోవాలి. రెవెన్యూ హద్దు దీనికి పనికిరాదు. ఏ పొలాల్లో పడిన వాన ఒకే వాగులోకి చేరుతుందో అవన్నీ ఒక పద్దు కిందికి వస్తాయి, ఊళ్లు వేరైనా సరే. చెట్లకూ గోడలకూ దూరంగా వానమాపకం పెట్టి రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు చూసి రాయాలి. కొన్ని బోర్లు ఎంచుకుని పదిహేను రోజులకోసారి నీటిమట్టం కొలవాలి. మోటారు ఎంత పోస్తుందో చూడాలంటే 200 లీటర్ల డ్రమ్ము, గడియారం చాలు. వంద సెకన్లలో డ్రమ్ము నిండితే గంటకు 7,200 లీటర్లు. ఇవన్నీ అందరికీ కనబడే గోడ మీద రాయాలి. పుస్తకంలో దాస్తే ఎవరూ నమ్మరు.

అసలు పని రబీకి ముందు, చిత్త, స్వాతి కార్తెల వానలు చూశాక. వాగు కింద బోర్లున్న రైతులంతా కూర్చోవాలి. ఎకరా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,000 లీటర్లు. ఏడాదికి 600 మిల్లీమీటర్లు కురిసి, అందులో పదోవంతు భూమిలోకి ఇంకిందనుకుంటే ఎకరాకు దక్కేది 2.4 లక్షల లీటర్లు. బోరు కింద ఎకరా వరికి 1,200 మిల్లీమీటర్ల నీళ్లు, అంటే 48 లక్షల లీటర్లు కావాలి. ఒక్క ఎకరా వరి ఇరవై ఎకరాల వాననీటిని తాగేస్తుందన్నమాట! ఈ అంకె గోడకెక్కాక సభలో కాసేపు ఎవరూ మాట్లాడరు. వేరుశనగకు అందులో సగం కూడా అక్కర్లేదు, శనగకు ఇంకా తక్కువ.

ఫ్లోరైడ్ సీమ కాబట్టి ఊరి తాగునీటిని, పశువుల నీటిని ముందే పక్కన పెట్టి, మిగిలిందే పంటకు చూపించాలి. తర్వాత ఒక్కొక్కరూ ఏం వేయబోతున్నారో, ఎన్ని ఎకరాలో చెబుతారు. కూడితే నీళ్లు చాలవని తేలడం మామూలే. అక్కడ ఎవరూ ఎవరినీ వరి మానమని ఆజ్ఞాపించకూడదు. బలవంతం మొదలైతే మరుసటేడు సభకే రారు. ఎవరి కోత వాళ్లే చెప్పుకోవాలి.

ఫిబ్రవరిలో పొలాలు తిరిగి ఎవరు నిజంగా ఏం వేశారో చూసి, అన్న మాట పక్కనే చేసింది రాయాలి. తేడా పెద్దదైన చోట వచ్చే ఏడు పద్దు అక్కణ్ణుంచే తెరవాలి.