హెడ్డింగ్ పైన ఎంటర్ కొట్టడం ఈరోజే మానేయండి

చర్లలో డీటీపీ నేర్చుకుంటున్నారా? మీ చేతికొచ్చే పనుల్లో స్కూలు ప్రశ్నపత్రం, కోచింగ్ మెటీరియల్, భద్రాచలం నవమికి ప్రత్యేక సంచిక లాంటివి తప్పకుండా ఉంటాయి. వీటిలో రెండు కాలమ్‌ల పేజీలే ఎక్కువ. మీ పనితనం బయటపడేది అక్కడే!

హెడ్డింగ్ ఇరుగ్గా ఉందనిపిస్తే వేలు ఎంటర్ మీదికి పోతుంది. ఆపండి. ఆ ఒక్క ఎంటర్‌తో ఎడమ కాలమ్ లైన్లు కుడి కాలమ్ లైన్లకు ఎదురుగా నిలబడవు. మర్నాడు కస్టమర్ రెండు వాక్యాలు కలపమంటే సర్దిందంతా చెదిరిపోతుంది.

ఖాళీని కంటితో కాదు, అంకెతో నిర్ణయించండి. పారాగ్రాఫ్ స్టైల్‌లో పెట్టండి. ఇన్‌డిజైన్‌లో ఇలా:

1. మ్యాటర్ లీడింగ్ 16 పాయింట్లు అనుకుందాం. హెడ్డింగ్ లీడింగ్ 20, స్పేస్ బిఫోర్ 8, స్పేస్ ఆఫ్టర్ 4. మొత్తం 32. అంటే సరిగ్గా రెండు లైన్లు.

2. హెడ్డింగ్ రెండు లైన్లకు పోయిందా? దానికి వేరే స్టైల్ చేయండి. లీడింగ్ అదే 20, రెండు లైన్లకు కలిపి 40. పైన 16, కింద 8. మొత్తం 64, నాలుగు లైన్లు.

పైన ఎక్కువ, కింద తక్కువ ఎందుకు? హెడ్డింగ్ కింది మ్యాటర్‌ది కాబట్టి. దానికి దగ్గరగానే ఉండాలి. మరీ దగ్గరైతే మనకు కుదరదు. "శాస్త్రం" అని హెడ్డింగ్ పెట్టి చూడండి, కింది వత్తు తర్వాతి లైన్ గుడులకు తగులుతుంది. ఇంగ్లిష్ టెంప్లేట్ కొలతలు తెలుగుకు చాలవు.

3. కీప్ విత్ నెక్స్ట్‌లో 2 లైన్లు పెట్టండి. హెడ్డింగ్ కాలమ్ అడుగున ఒంటరిగా మిగలదు.

ఒక చిక్కుంది. కాలమ్ మొదట్లో హెడ్డింగ్ వస్తే ఇన్‌డిజైన్ స్పేస్ బిఫోర్‌ను పట్టించుకోదు. లెక్క 24కు పడిపోతుంది. కంగారొద్దు. బేస్‌లైన్ గ్రిడ్‌ను 16కు సెట్ చేసి, మ్యాటర్‌కు అలైన్ టు గ్రిడ్ ఇవ్వండి. లైన్లు వాటంతటవే దారికొస్తాయి.

లేటెక్ వాడేవాళ్లకు ఇంకో సంగతి. టూకాలమ్ పెట్టగానే ఫ్లష్‌బాటమ్ పనిచేస్తుంది. కాలమ్ అడుగులు సమం చేయడానికి హెడ్డింగ్ చుట్టూ ఖాళీని సాగదీస్తుంది. రాగెడ్‌బాటమ్ ఇస్తే సాగదు. మల్టీకాల్ ప్యాకేజీ అయితే రాగెడ్‌కాలమ్స్.

ఇక ఒక పాత ప్రశ్నపత్రం ఫైలు తెరవండి. హిడెన్ క్యారెక్టర్స్ ఆన్ చేయండి. హెడ్డింగ్‌ల దగ్గర కనిపించే ఖాళీ పేరాలన్నీ తీసేసి, స్టైల్స్ వేయండి. ప్రింట్ తీసి, రెండు కాలమ్‌ల మీదుగా స్కేలు అడ్డంగా పెట్టి చూడండి. ఎక్కడైనా తేడా కనిపిస్తే పేజీని ముట్టుకోకండి, స్టైల్‌లోనే అంకె మార్చండి.