ఏటి నీటి ఒడంబడికలు – చెఱువు రైతుల హక్కులు

పెన్నయు, చిత్రావతియు నందిదుర్గ ప్రాంతపు కొండలలో పుట్టి, పూర్వపు మైసూరు సంస్థాన భూములను దాటి హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములకు వచ్చుచున్నవి. ఈ సీమలో వాన తక్కువ. ఎగువను కట్టిన ప్రతి కట్టయు దిగువ చెఱువు క్రింది వరిమడిని తాకును. కావున అట్టి కట్టలను గూర్చి తగవు వచ్చినప్పుడు ఏ మాటలు ఆధారమగునో రైతు లెఱిగియుండుట అవసరము.

1892 ఫిబ్రవరి 18వ తేదీన మైసూరు, మదరాసు ప్రభుత్వముల నడుమ ఒక ఒడంబడిక జరిగెను. అందు పేర్కొనిన 15 నదులలో పెన్న, చిత్రావతి రెండును గలవు. మదరాసువారి సమ్మతి ముందుగా పొందక మైసూరువారు వీనిపై సేద్యమునకు క్రొత్త జలాశయము కట్టరాదు. అయితే మదరాసువారు ఊరక కాదనుటకును వీలులేదు. దిగువవారికి చిరానుభవమువలన సంక్రమించి, వాస్తవముగా నిలిచియున్న హక్కును కాపాడుటకు మాత్రమే సమ్మతిని నిరాకరింపవచ్చును.

క్రొత్త జలాశయ మనగా నేమి? పూర్వము లేనిది క్రొత్తదే; పూర్వముండియు 30 ఏండ్లకు మించి పాడువడి వాడుకలో లేనిదియు క్రొత్తదే. తెగిన చెఱువు కట్టను పదియేండ్లకు పూడ్చుకొన్నచో అది మరమ్మతు. నలువది యేండ్లకు పూడ్చినచో సమ్మతి కావలెను. ఉన్న చెఱువు మరవను ఎత్తుచేయుట సయితము, నిలువ నీరు గాని ఆయకట్టు గాని మునుపటిని మించనంత వఱకే మరమ్మతుగా చెల్లును. మునుపటి ఆయకట్టు ఎంత యనుటకు లెక్కలే సాక్ష్యము. ఊరి పెద్దల జ్ఞాపకము చాలదు.

సమ్మతి విషయమున భేదము వచ్చినచో మధ్యవర్తికి విడువవలెనని యుండెను. కావేరిపై కన్నంబాడి కట్ట తగవును గ్రిఫిన్ దొరవారు విచారించి 1914లో తీర్పు చెప్పిరి. దానిపైనను వాదము సాగి, 1924లో వేఱొక ఒడంబడికతో గాని ముగియలేదు.

రాజ్యాంగపు 262వ అధికరణము, 1956వ సంవత్సరపు అంతర్రాష్ట్ర నదీజల వివాదముల చట్టము వచ్చిన పిమ్మట మార్గము మాఱినది. దక్షిణ పినాకిని విషయమున తమిళనాడు 1892 ఒడంబడికను చూపి సుప్రీముకోర్టు కెక్కినది. 2019 నవంబరు 14వ తేదీన కోర్టు నిషేధాజ్ఞ నిరాకరించి, ట్రిబ్యునలును కోరుకొనుటకు అవకాశమిచ్చెను.

పెనుకొండ దగ్గఱి గొల్లపల్లి జలాశయమునకు హంద్రీ–నీవా కాలువ తెచ్చు కృష్ణాజలముల సంగతి వేఱు. బచావత్ ట్రిబ్యునలు 1973లో ఆంధ్రప్రదేశమునకు 800 శతకోటి ఘనపుటడుగులు కేటాయించి, మిగులు నీటిని వాడుకొనుటకు స్వేచ్ఛ నిచ్చినది గాని దానిపై హక్కు నీయలేదు. ఈ కాలువ ఆ మిగులు నీటిని నమ్మి తలపెట్టబడినది. 2014వ సంవత్సరపు పునర్విభజన చట్టపు పదునొకండవ షెడ్యూలున దీని పేరుండుట కొంత ఊఱట. కాలువ వచ్చినది గదా యని పాత చెఱువును విడిచిపెట్టు గ్రామములవారు ఈ భేదమును ఆలోచింపవలెను.

2001లో హించ్‌లాల్ తివారి కేసునందు సుప్రీముకోర్టు చెఱువు భూమిని ఇండ్లస్థలములకిచ్చుట చెల్లదని తీర్పు చెప్పినది. పూడిక మేటలలో పైరుపెట్టినవా రున్నచో, గ్రామస్థులు సర్వే నంబరు, విస్తీర్ణము, అడంగలు నకళ్లు జతపఱచి తహశీల్దారునకు అర్జీ వ్రాసి, అందినట్లు రసీదు పుచ్చుకొనవలెను.