ఇంటిలోపల మనీప్లాంట్ పెంపకం: అల్వాల్ పరిస్థితులలో నీటి యాజమాన్యం

సికింద్రాబాద్‌కు ఉత్తరాన ఉన్న అల్వాల్, లోతుకుంట, మచ్చబొల్లారం ప్రాంతాలలో పెరడు గల ఇళ్ల స్థానంలో అపార్టుమెంట్లు వచ్చిన కొద్దీ మొక్కల పెంపకం బాల్కనీలకు, కిటికీ గట్లకు పరిమితమవుతోంది. అట్టి ఇళ్లలో ఎక్కువగా కనిపించే తీగ మొక్క మనీప్లాంట్. ఎక్కడ నాటినా బతుకుతుందనే పేరు దీనికి ఉన్నప్పటికీ, ఆకులు పసుపు రంగుకు మారి రాలిపోవడం, తీగ మొదలు మెత్తబడి కుళ్లిపోవడం గృహస్థులు తరచుగా ఎదుర్కొనే సమస్యలు. వీటికి ప్రధాన కారణం నీటి కొరత కాదు, నీటిని తప్పుగా వాడటం. కుండీలో అధికమైన నీరు మొక్కకు హాని చేస్తే, సీసాలో మార్చకుండా వదిలిన నీరు ఇంటిలోని మనుషులకే హాని చేస్తుంది. కనుక ఈ మొక్క యాజమాన్యంలో నీటికి ప్రథమ స్థానం ఇవ్వవలసి ఉంటుంది.

మొక్క స్వభావం

మనీప్లాంట్ శాస్త్రీయ నామం ఎపిప్రెమ్నమ్ ఆరియమ్. ఇది చేమ, కంద చేరిన అరేసి కుటుంబానికి చెందినది. దీని జన్మస్థలం పసిఫిక్ మహాసముద్రంలోని ఫ్రెంచ్ పాలినేషియాకు చెందిన మూరియా దీవి. 1880లో దీనిని పోథోస్ ఆరియస్ అనే పేరుతో వర్ణించారు. అందువలననే నేటికీ అనేక దేశాలలో దీనిని పోథోస్ అని పిలుస్తున్నారు.

అడవిలో ఇది కణుపుల వద్ద పుట్టే గాలివేళ్లతో చెట్ల మానులను పట్టుకొని పైకి పాకుతుంది. ఈ వేళ్లకు తేమతో పాటు గాలి కూడా పుష్కలంగా అందుతుంది. పైకి పాకే తీగకు ఆకులు పెద్దవిగాను, కిందికి వేలాడే తీగకు చిన్నవిగాను వస్తాయి. ఇంటిలో పెద్ద ఆకులు కావాలనుకునేవారు కొబ్బరి పీచు చుట్టిన కర్రను కుండీలో నిలిపి తీగను దానికి ఎక్కించాలి.

వెలుతురు, ఉష్ణోగ్రత

ఈ మొక్కకు ప్రకాశవంతమైన, నేరుగా ఎండ తగలని వెలుతురు అనుకూలం. తూర్పు లేదా ఉత్తర దిక్కు కిటికీకి దగ్గరగా ఉంచడం మేలు. వెలుతురు తగ్గినచో కణుపుల మధ్య దూరం పెరుగుతుంది, ఆకులు చిన్నవవుతాయి, వాటిపై ఉండే పసుపు చారలు క్రమంగా మాయమవుతాయి. పత్రహరితం లేని చారల భాగం ఆహారాన్ని తయారుచేయలేదు గనుక మసక వెలుతురులో వచ్చే కొత్త ఆకులు అధిక పచ్చదనంతో ఉంటాయి.

18 నుండి 30 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతలో పెరుగుదల బాగుంటుంది. మే నెలలో ఇక్కడి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. ఆ కాలంలో పడమటి బాల్కనీలో ఉన్న మొక్కల ఆకులు మాడిపోతాయి. కుండీలను మార్చి నుండి జూన్ మొదటి వారం వరకు లోపలికి జరపాలి. కూలర్, ఏసీ గాలి నేరుగా తగలకుండా చూడాలి.

కుండీ, మట్టి మిశ్రమం

అడుగున రంధ్రం గల 6 నుండి 8 అంగుళాల కుండీ సరిపోతుంది. రంధ్రం లేని అలంకరణ కుండీలో నేరుగా నాటరాదు. ఎర్రమట్టిని ఒంటిగా వాడినచో కొద్ది నెలలలో గట్టిపడి వేళ్లకు గాలి ఆడదు. ఎర్రమట్టి 2 పాళ్లు, కడిగిన కొబ్బరిపొట్టు 1 పాలు, వర్మికంపోస్టు 1 పాలు, ముతక ఇసుక 1 పాలు కలిపి వాడాలి. పెద్ద కుండీలో చిన్న మొక్కను నాటడం మంచిది కాదు. వేళ్లు చేరని మట్టిలో తేమ ఎక్కువ రోజులు నిలిచి కుళ్లుకు దారి తీస్తుంది.

కుండీ మొక్కకు నీరు

వారానికి ఇన్నిసార్లు అనే లెక్కతో కాక, మట్టిని తాకి చూసి నీరు ఇవ్వాలి. పైన ఒక అంగుళం మేర మట్టి ఆరిన తరువాత, అడుగు రంధ్రం నుండి బయటకు వచ్చే వరకు నీరు పోయాలి. పళ్లెంలో చేరిన నీటిని అరగంటలోగా పారబోయాలి. వేసవిలో 3–4 రోజులకు, వర్షాకాలంలో సుమారు వారానికి, చలికాలంలో 8–10 రోజులకు ఒక తడి అవసరం కావచ్చు. ఇది సుమారు అంచనాయే. గదిలోని వెలుతురు, కుండీ పరిమాణాన్ని బట్టి వ్యవధి మారుతుంది.

మట్టి రేణువుల మధ్య ఖాళీలన్నీ నీటితో నిండినప్పుడు వేళ్లకు ఆక్సిజన్ అందదు. బలహీనపడిన వేళ్లను పిథియం వంటి వ్యాధికారక సూక్ష్మజీవులు ఆశిస్తాయి. కుళ్లిన వేరు నీటిని పీల్చలేదు గనుక మట్టి తడిగా ఉన్నా ఆకులు వాడిపోతాయి. వాడిన ఆకును చూసి గృహస్థులు మరింత నీరు పోయడంతో మొక్క చనిపోతుంది. కావున ఆకు వాడినప్పుడు ముందుగా మట్టిని చూడాలి. మట్టి పొడిగా ఉంటే నీరు ఇవ్వాలి. తడిగా ఉంటే మొక్కను బయటకు తీసి, గోధుమ రంగుకు మారి మెత్తబడిన వేళ్లను కత్తిరించి, కొత్త మిశ్రమంలో నాటాలి. వేళ్లన్నీ కుళ్లినచో ఆరోగ్యంగా ఉన్న తీగ కొనలను కత్తిరించి కొత్త మొక్కలుగా పెంచుకోవాలి.

కఠినజలం గల బోరు నీటిని వాడే ఇళ్లలో మట్టిపై తెల్లని లవణాల పొర ఏర్పడి, ఆకు కొనలు ఎండుతాయి. రెండు నెలలకు ఒకసారి వర్షపు నీటిని లేదా మంచి కుళాయి నీటిని ధారాళంగా పోసి లవణాలు అడుగు నుండి బయటకు పోయేలా చేయాలి.

సీసాలో పెంపకం – దోమల బెడద

కుండీలో నీరు నిలిస్తే కుళ్లే మొక్క సీసాలో ఎలా బతుకుతుందని విద్యార్థులు ప్రశ్నించవచ్చు. నీటిలోనే పుట్టిన వేళ్లు అందులో కరిగిన ఆక్సిజన్‌ను వినియోగించుకునేలా ఏర్పడతాయి. ముద్దకట్టిన తడి మట్టిలోనైతే వేళ్లు, సూక్ష్మజీవులు కలిసి ఉన్న ఆక్సిజన్‌ను త్వరగా ఖర్చుచేస్తాయి, బయటి గాలి లోపలికి చేరదు.

సీసాలోని శుభ్రమైన నిల్వ నీరు డెంగీ, చికున్‌గున్యాలను వ్యాపింపజేసే ఏడిస్ ఈజిప్టి దోమకు అనువైన స్థానం. ఈ దోమ పగటిపూట కుడుతుంది. నీటిమట్టానికి కొద్దిగా పైన పాత్ర గోడకు గుడ్లు అంటిస్తుంది. వెచ్చని వాతావరణంలో గుడ్డు నుండి దోమ రావడానికి వారం, పది రోజులు చాలు. పైగా గుడ్లు తడి లేకున్నా నెలల తరబడి జీవించగలవు. అందువలన నీటిని పారబోసి, కొత్త నీటిని నింపడం ఒక్కటే సరిపోదు.

వారానికి ఒకసారి తప్పనిసరిగా నీటిని మార్చి, సీసా లోపలి గోడను బ్రష్‌తో రుద్ది కడగాలి. వేళ్లను కూడా పారే నీటిలో కడగాలి. సీసా మూతిని తీగ చుట్టూ దూదితో లేదా సన్నని బట్టతో మూసివేయాలి. కుండీల కింది పళ్లేలకూ ఈ జాగ్రత్తలు వర్తిస్తాయి. జూన్ నుండి నవంబరు వరకు ఈ నియమాన్ని పాటించలేని ఇళ్లలో సీసా మొక్కను మట్టిలోకి మార్చడమే ఉత్తమం.

ప్రవర్ధనం

మనీప్లాంట్ సహజంగా పూయడం అత్యంత అరుదు. ఈ మొక్కలో జిబ్బరెల్లిన్ ఉత్పత్తి లోపించడమే ఇందుకు కారణమని 2016లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. కావున ఇళ్లలోని మొక్కలన్నీ కత్తిరింపుల ద్వారా వచ్చినవే. దొంగిలించి తెచ్చిన మనీప్లాంటే బాగా పెరుగుతుందనే నమ్మకం జనంలో ఉంది. కణుపు గల ఏ ముక్కైనా సులభంగా వేరు తొడుగుతుంది గనుక తెచ్చిన తీరుతో సంబంధం లేదు. కణుపు లేని ఆకు మాత్రం కొత్త మొక్క కాజాలదు. రెండు కణుపులు గల ముక్కను వర్షాకాలంలో నాటితే 2 నుండి 4 వారాలలో వేళ్లు వస్తాయి. నీటిలో వేళ్లు పుట్టించినచో అవి 3–5 సెం.మీ. పొడవు రాగానే మట్టిలోకి మార్చాలి. తెగులు సోకిన తల్లి మొక్క నుండి కత్తిరింపులు తీసుకోరాదు.

పోషకాలు, చీడపీడలు

జూన్ నుండి అక్టోబరు వరకు నెలకు ఒకసారి లీటరు నీటికి 1 గ్రాము 19:19:19 ఎరువును కలిపి, తడి మట్టిపై పోయాలి. చలికాలంలో ఎరువు అవసరం లేదు. వేసవి పొడి గాలిలో ఎర్రనల్లి, గాలి ఆడని మూలల్లో పిండినల్లి ఆశించవచ్చు. తడి బట్టతో ఆకుల రెండు వైపులా తుడవడం మొదటి చర్య. తగ్గనిచో లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనెను కొద్దిగా సబ్బు నీటితో కలిపి సాయంత్రం వేళ బాల్కనీలో పిచికారీ చేయాలి.

చేమ, కంద తిన్నప్పుడు కలిగే దురదకు కారణమైన కాల్షియం ఆక్సలేట్ సూదులు మనీప్లాంట్ భాగాలన్నింటిలోను ఉంటాయి. నమిలినచో నోరు, గొంతు మండి వాస్తాయి. పాకే పిల్లలకు, పిల్లులకు, కుక్కలకు అందని ఎత్తులో తీగను వేలాడదీయాలి.

విస్తరణ సిబ్బందికి సూచన

ఈ మొక్క గాలిని శుద్ధి చేస్తుందనే ప్రచారం 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా మూసివేసిన గదులలో ఇంటి మొక్కలపై జరిపిన ప్రయోగాల నుండి వచ్చింది. 2019లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అట్టి ప్రయోగాలను సమీక్షించి, సాధారణ భవనంలో గాలి మార్పిడి చేసే పనికి సమానం కావాలంటే చదరపు మీటరుకు 10 నుండి 1000 మొక్కలు అవసరమని లెక్కగట్టారు. కనుక గాలి శుద్ధికి కిటికీ తెరవమని, కంటికి ఇంపు కోసం మొక్కను పెంచమని సలహా ఇవ్వడం సమంజసం.

పట్టణ గృహాలను సందర్శించే విద్యార్థులు మొక్క ఆకు కంటే ముందుగా దాని నీటిని పరిశీలించాలి. కుండీ మట్టి వేలికి ఎంత తడి తగులుతోంది, పళ్లెంలో నీరు ఉందా, సీసాను చివరిసారి ఎప్పుడు కడిగారు అనే మూడు అంశాలు తెలిస్తే అధిక సమస్యలకు అక్కడికక్కడే పరిష్కారం చెప్పవచ్చు. ఆ పరిశీలన మొక్కతో పాటు ఇంటివారి ఆరోగ్యాన్నీ కాపాడుతుంది.