ఉమ్మనీరు చెప్పే సాక్ష్యం

తల్లి గర్భంలో శిశువు తేలియాడే ద్రవాన్ని తెలుగువారు ఉమ్మనీరు అంటారు. ఇది శిశువును దెబ్బల నుండి కాపాడుతుంది. ఊపిరితిత్తుల వికాసానికి తోడ్పడుతుంది. గర్భిణికి జ్వరం లేకున్నను ఈ నీటిలో శోథ నివురుగప్పిన నిప్పువలె ఉండవచ్చును.

శోథ అనగా శరీరం చేసుకొనే ఆత్మరక్షణ. సూక్ష్మజీవులు, సాధారణంగా యోనిమార్గం నుండి పైకి ప్రాకి, ఉమ్మనీటిలో ప్రవేశించినప్పుడు ఇంటర్‌ల్యూకిన్-6 అనే మాంసకృత్తు అధికమవుతుంది. ప్రోస్టాగ్లాండినులు పెరిగి గర్భాశయాన్ని సంకోచింపజేస్తాయి. ఫలితంగా 37 వారాలు నిండకమునుపే ప్రసవం కావచ్చును. శిశువు మెదడుకు సైతం హాని కలుగవచ్చును.

ఉదరం గుండా సన్నని సూదితో తీసిన ఉమ్మనీటిలో ఇంటర్‌ల్యూకిన్-6 మిల్లీలీటరుకు 2.6 నానోగ్రాములు గాని, అంతకు మించి గాని ఉన్నచో శోథ ఉన్నట్లు పలువురు పరిశోధకులు పరిగణిస్తారు. తెల్లకణాలు పెరగడం, గ్లూకోజు తగ్గడం కూడ సూచనలే. సూక్ష్మజీవి కానరాని శోథ కూడ కలదు. కనుక శోథ ఉన్నంత మాత్రాన సూక్ష్మజీవి ఉన్నట్లే అనరాదు.

ఈ పరీక్ష గర్భిణులందరికీ అవసరం కాదు. అది వైద్యులు నిర్ణయించవలసినది. అయితే నెలలు నిండకమునుపు ఉమ్మనీరు కారినా, నొప్పులు వచ్చినా, సిగ్గుతో దాచరాదు, తెల్లవారేదాకా ఆగరాదు. విద్యార్థినీ విద్యార్థులు ఈ ఒక్క మాటను తమ ఇండ్లకు చేర్చినచో ఈ పాఠం సార్థకమగును.