అడిగినప్పుడు పుట్టెడు పుట

ముద్రిత గ్రంథమందలి పుటను ఎవరు తెఱచినను ఒకే విషయము కనబడును. వెబ్ సర్వరులందును కొన్ని పుటలు ఇట్లే ముందుగా వ్రాసి యుంచబడును. మఱికొన్ని అడుగువాని అవసరమును బట్టి అప్పటికప్పుడు సిద్ధమగును. ఈ రెండవ విధము పుటలు ఎట్లు పుట్టునో మన గొలుగొండ నిదర్శనముతోనే వివరింప నెంచితిమి.

పూర్వము రైతు తన భూమి వివరము గోరినచో, గ్రామకరణము దస్త్రమును విప్పి, ఆ సర్వే నంబరునకు సంబంధించిన అడంగలు నకలును వ్రాసి యిచ్చెడివాడు. 1984వ సంవత్సరమున కరణముల పదవులు రద్దయ్యెను. 2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మీభూమి యను వెబ్‌సైటును నెలకొల్పెను. అందు జిల్లాను, మండలమును, గ్రామమును ఎన్నుకొని సర్వే నంబరు తెలిపిన రైతునకు అడంగలు తెరపై కనబడునట్లు ఏర్పాటు జరిగెను.

ఇట్టి విన్నపము సర్వరునకు చేరగానే అచ్చట స్క్రిప్టు, అనగా ఆజ్ఞల వరుస, నడుచును. అది డేటాబేసు అను దస్త్రములో ఆ నంబరును వెదకి, దొరకిన వివరములను పుటగా కూర్చి పంపును. మన బ్రౌజరునకు చేరునది ఫలితమే గాని స్క్రిప్టు కాదు. ఈ కార్యమునకు సి.జి.ఐ. అను పద్ధతి 1993లో అమెరికాలో ఏర్పడెను. రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో పి.హెచ్.పి.ని వెలువరించెను.

ఇందలి లాభమును గమనింపుడు. 2022 ఏప్రిల్ 4వ తేదీన గొలుగొండ మండలము విశాఖపట్నము జిల్లానుండి క్రొత్తదైన అనకాపల్లి జిల్లాలో చేరెను. ముందుగా వ్రాసిన పుటలైనచో జిల్లా పేరును ప్రతి పుటయందును దిద్దవలెను. స్క్రిప్టు కూర్చెడు పుటలకు మూలదస్త్రమున ఒక్కచోట దిద్దిన చాలును.

అయితే రెండు జాగ్రత్తలు అవశ్యకములు. నంబరు వ్రాయవలసినచోట దుష్టుడొకడు డేటాబేసునకు ఆజ్ఞను వ్రాసి పంపవచ్చును. స్క్రిప్టు దానిని పరీక్షింపక అంగీకరించినచో దస్త్రమే చెడిపోవచ్చును. కావున బయటినుండి వచ్చిన దానిని సమాచారముగానే గ్రహింపవలెను గాని ఆజ్ఞగా గ్రహింపరాదు.

రెండవది మనకు మఱింత సమీపమైనది. ఒకరి భూమి మఱియొకరి పేర మూలదస్త్రమున నమోదైయున్నచో, స్క్రిప్టు ఆ తప్పునే ఎన్నిమారు లడిగినను చూపును. వేగము యంత్రమునది, సత్యము వ్రాసినవానిది. విద్యార్థులారా! మీ తల్లిదండ్రులకు ఆ పుటను చదివి వినిపించునపుడు పట్టాదారు పాసుపుస్తకముతో సరిచూడుడు. భేదము కనబడినచో తహసీల్దారు కార్యాలయమున విన్నవించుటకు వారికి తోడ్పడుడు. చదువునకు ఇంతకంటె సార్థకత యేమున్నది?